జడ్జిగారి ఎడమ మణికట్టు

మనుషులు ఒకరినొకరు ముఖం చూసి పలకరించుకోవడం ఏ యుగంలో మొదలైందో చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. ఎక్కడ ఆగిపోయిందో మాత్రం కచ్చితంగా చెప్పొచ్చు. గోల్ఫ్ మైదానం వెనక, బంతులు కడిగే తొట్టికీ గడ్డికోత యంత్రాలు పెట్టే కొట్టానికీ మధ్య ఒక రేకుల షెడ్డు ఉంది. ఆ షెడ్డు గడపలో ఆగిపోయింది. లోపల కూర్చున్న పిడి మేస్త్రి ఇరవై ఆరేళ్లుగా వచ్చినవాళ్ల ముఖం చూడడం మానేశాడు. ముందు మణికట్టు చూస్తాడు. తర్వాత తీరిక దొరికితే ముఖం. ఈ అలవాటు వల్ల రాజ్యాలేమీ కూలలేదు. ఒక బీమా ఏజెంటు మాత్రం, తన చేతిగడియారం మీద ఇతగాడి కన్ను పడిందనుకుని, పాలసీ కాగితాలు సగంలో మడిచి వెళ్లిపోయాడు.

మేస్త్రి పని గోల్ఫ్ కర్రలకు రబ్బరు పిడులు మార్చడం. అరిగిన పిడిని వంకీ కత్తితో చీల్చి ఒలుస్తాడు. పాత టేపు గీకేసి, రెండు వైపులా అంటుకునే కొత్త టేపు చుడతాడు. దాని మీద స్పిరిట్ పోసి, కొత్త పిడిని ఒక్క తోపులో ఎక్కిస్తాడు. స్పిరిట్ ఆరేలోపు, అంటే మనం ముక్కు చీదుకునేంత సేపట్లో, పిడిని సరిగ్గా తిప్పి నిలబెట్టాలి. ఎందుకంటే పిడి అడుగున నిలువునా సన్నటి గట్టు ఒకటి ఉంటుంది. ఆడేవాడి వేళ్లు ఆ గట్టును తడుముకుని కర్ర ముఖం ఎటు తిరిగి ఉందో తెలుసుకుంటాయి. గట్టు పక్కకి తిరిగితే వేళ్లు మోసపోతాయి, బంతి పొదల్లోకి పోతుంది. మేస్త్రి ఎడమ కన్ను మూసి, కర్రను తుపాకీలా ఎత్తి, గట్టు వెంట ఒకసారి చూస్తాడు. అంతే. ఇరవై ఆరేళ్లలో ఒక్క గట్టూ పక్కకి తిరగలేదని అతని వాదన. కాదన్నవాడు అప్పటిదాకా పుట్టలేదు.

అంతకుముందు అతను సైకిల్ షాపులో హ్యాండిల్ తొడుగులు వేసేవాడు. తొడుగు అరుగుదల చూసి బ్రేకు పాడైన సంగతి చెప్పడం అక్కడే నేర్చుకున్నాడు. ఆ విద్యను గోల్ఫ్‌కు తెచ్చాక అది అనుమానంగా ఎదిగింది. ఒలిచిన పిడి చూస్తే చాలు, మనిషి జాతకం చెప్పేస్తాడు. ఎడమ అరచేతి మొదలు ఆనే చోట గుంట పడిందా, కర్ర పైకెళ్లగానే పట్టు వదిలేస్తున్నాడన్నమాట. కుడి బొటనవేలు ఆనే చోట నున్నగా తేలిందా, మణికట్టును నమ్మక బంతిని తోస్తున్నాడన్నమాట.

"మణికట్టుదేముందయ్యా," అనేవాడు, ఎవరూ అడక్కపోయినా. "నడుం దాకా ఎత్తేసరికి మడవాలి. పైకెళ్లాక ఎడమ చేతి వెనక భాగం, ముంజేయి ఒకే చెక్కలా ఉండాలి. కిందికి దిగేటప్పుడు ఆ మడత తొడ దాకా దాచుకోవాలి. అక్కడ వదలాలి. ముందే వదిలేసేవాడి దగ్గర నేను ఏ రహస్యమూ చెప్పను."

అతని దగ్గర రహస్యాలు ఉన్నాయని కాదు. ఉన్నాయని అందరూ అనుకోవాలని.

ఒక మంగళవారం పొద్దున షెడ్డు ముందు వెలుతురు తగ్గింది. జడ్జిగారు వచ్చారు. పదవీ విరమణ చేసి ఆరేళ్లయినా ఆయన గుమ్మంలో నిలబడితే గదిలో స్టూళ్లు కూడా సర్దుకుని కూర్చున్నట్టు ఉంటుంది. ఎండ మండిపోతున్నా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. క్లబ్బు జట్టుకు ఆయనే నాయకుడు. పై నెలలో పక్క క్లబ్బుతో పోటీ ఉంది.

మేస్త్రి లేచి తల వంచుకుని నిలబడ్డాడు. అందరి మణికట్లూ చూసే ఆ కళ్లు జడ్జిగారి ముందు మాత్రం ఆయన బూట్ల దగ్గర ఆగిపోతాయి.

"ఏమయ్యా మేస్త్రీ. నెల కిందట ఈ కర్రలకి పిడులు మార్చింది నువ్వేగా?"

"నేనేనండయ్యా."

"అప్పట్నుంచి బంతి కుడివైపుకి పోతోంది. పద్ధతిగా, ప్రతిసారీ. మొన్న కారు పార్కింగ్‌లోకి పోయింది."

"ఎవరికైనా తగిలిందా అయ్యా?"

"నా కారుకే తగిలింది. దీన్నిబట్టి నీకేం అర్థమవుతోంది?"

"గురి బాగానే ఉందని..."

"గట్టు పక్కకి తిరిగిందని. ఆదివారం కమిటీ సమావేశం. పిడుల పని బయటి కంపెనీకి ఇచ్చి ఈ షెడ్డు ఖాళీ చేయిద్దామని ఎప్పట్నుంచో ఒక ప్రతిపాదన ఉంది. ఇన్నాళ్లూ నేనే అడ్డుపడ్డాను. ఈసారి అడ్డుపడలేను. నీ వాదన ఏమైనా ఉంటే ఆదివారం చెప్పుకో."

కర్రల సంచీ వదిలి వెళ్లిపోయారు. మేస్త్రి ఎడమ కన్ను మూసి పద్నాలుగు కర్రల గట్లూ చూశాడు. తిన్నగా ఉన్నాయి. కుడి కన్ను మూసి చూశాడు. తిన్నగానే ఉన్నాయి. కుట్ర జరిగిందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మొదటి అనుమానం కోచ్ మీద పడింది. వయసులో చిన్నవాడు, మాటకి ముందు "బాబాయ్" అంటాడు. పిలవని పేరంటానికి వచ్చినట్టు షెడ్డులోకి దూరి, గోడలు అడుగులతో కొలిచి, "ఇక్కడ వీడియో యంత్రం పెడితే ఎంత బావుంటుందో" అని రెండుసార్లు అన్నాడు. ఒకసారి అంటే మాట, రెండోసారి అంటే పథకం. జడ్జిగారికి పాఠం చెప్పేదీ అతనే.

బుధవారం పొద్దున మేస్త్రి పని మానేసి, బంతులు నింపే యంత్రం వెనక బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, కళ్లలో వత్తులు వేసుకుని చూశాడు. జడ్జిగారు కర్ర ఎత్తారు. నడుం దగ్గర మణికట్టు బాగానే మడిచారు. పైకి వెళ్లేసరికి, చెక్కలా ఉండాల్సిన ఎడమ మణికట్టు వెనక్కి విరిగింది, పళ్లెం మోసే సర్వరు చేతిలా. కర్ర ముఖం పక్కకి తెరుచుకుంది. బంతి కుడివైపుకి పోయి, పద్ధతిగా, పొదలో పడింది.

మేస్త్రి గుండె కుదుటపడింది. తప్పు పిడిది కాదు, మణికట్టుది. వెంటనే మళ్లీ జారిపోయింది. ఆ మాట జడ్జిగారితో ఎవరు చెప్పాలి?

ఆయన వెళ్లగానే కోచ్‌ని పట్టుకున్నాడు.

"ఏం బాబూ, కొత్త పాఠం మొదలెట్టావా?"

"ఏ పాఠం బాబాయ్?"

"చెయ్యి విరిచే పాఠం. పెద్దాయన చెయ్యి వంకర చేసి, నెపం నా పిడి మీదికి తోసి, నా షెడ్డులో నీ సినిమా ఆడిద్దామనుకున్నావు."

కోచ్ ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. "ఇది నెలన్నర కిందటిది, చూడు. మణికట్టు బల్లలా ఉంది. ఇది నిన్నటిది. మధ్యలో మారింది ఏంటి? నీ పిడి. నువ్వు గట్టు వంకరగా పెట్టావు, ఆయన చెయ్యి దానికి తగ్గట్టు వంగింది. నింద నా పాఠం మీద పడింది. నిన్న నన్ను పిలిచి ఏమన్నారో తెలుసా? 'నీ బోధన మీద నాకు సందేహంగా ఉంది' అన్నారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కూడా కాలేదు బాబాయ్!"

"అంటే నన్ను అనుమానిస్తున్నావా?"

"నువ్వు నన్ను అనుమానించట్లేదా?"

"నేను అనుమానించడం వేరు. నాకు ఇరవై ఆరేళ్ల అనుభవం ఉంది."

ఇద్దరూ మొహాలు మాడ్చుకుని విడిపోయారు.

మేస్త్రి భార్య ఎముకల ఆసుపత్రిలో కట్లు కట్టే ఆవిడ. పట్టీలు, పిండికట్లు, చెక్క బద్దలు, అన్నీ ఆవిడ చేతిమీదుగానే. ఊళ్లో చక్కగా పనిచేసే మణికట్లు మొగుడి లెక్కలోకి, చెడినవి పెళ్లాం లెక్కలోకి వస్తాయని ఇరుగుపొరుగు అనేవారు. ఆ సాయంత్రం భోజనం దగ్గర మేస్త్రి గరిటె ఎత్తి చూపించాడు.

"ఇదిగో, ఇలా ఎత్తుతున్నాడు పెద్దాయన. పైకెళ్లేసరికి ఇలా విరుగుతోంది."

"గరిటె దించండి, మీద పడుతుంది. ఎడమ చెయ్యేనా?"

గరిటె గాల్లో ఆగింది.

"నేను ఎడమ అన్నానా?"

ఆవిడ నీళ్ల గ్లాసు అందుకుంది. అవసరానికి మించి తాగింది. "మనిషికి ఉన్నవి రెండేగా. సగం ఊహించాను."

"నువ్వు ఊహించే మనిషివి కాదే."

"తినండి. చల్లారిపోతోంది."

ఆ రాత్రి నుంచి మేస్త్రి అనుమానానికి రెండు ఇళ్లు అయ్యాయి. పగలు కోచ్, ఇంటికొస్తే పెళ్లాం. గురువారం ఆవిడ అరగంట ఆలస్యంగా వచ్చింది. ఎందుకని అడిగితే, లిఫ్టు పాడైందంది. ఆసుపత్రిలో ఆవిడ గది కింది అంతస్తులోనే కదా అన్నాడు. తనది కిందే, పేషెంట్లు పైన ఉంటారంది. జవాబు తప్పుపట్టడానికి లేకుండా ఉండడంతో అతనికి మరింత అనుమానం వేసింది. శుక్రవారం అతని వేలు వంకీ కత్తికి తెగితే ఆవిడే పట్టీ చుట్టింది. చివర త్రికోణంగా మడిచి లోపలికి దోపింది. అది ఆవిడ పద్ధతి. ముడి వెయ్యదు, పిన్ను పెట్టదు.

"నా షెడ్డు పోతే నీకు సంతోషమా?" అన్నాడు, పట్టీ చూసుకుంటూ.

"షెడ్డు పోతే మీరు పగలంతా ఇంట్లో ఉంటారు. నాకు సంతోషం ఎలా అవుతుంది?"

ఈ ఒక్క మాటనూ అతను నమ్మాడు.

ఆదివారం కమిటీ గదిలో పొడుగు బల్ల చుట్టూ తొమ్మిది మంది కూర్చున్నారు. కార్యదర్శి మినిట్స్ పుస్తకం తెరిచాడు. కోచ్ ఒక మూల ఫోను పట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రి కర్రలు కదలకుండా బిగించుకునే తన బెంచి వైసు ఊడదీసి మోసుకొచ్చి, మెరుగుపెట్టిన ఆ బల్లకి బిగించబోతే, కార్యదర్శి ప్రాణం పోయినట్టు అరిచి కింద పాత పేపరు పరిపించాడు.

మేస్త్రి జడ్జిగారి కర్రను వైసులో అడ్డంగా బిగించాడు. జేబులోంచి గుండు దారం తీశాడు, తాపీ పనివాళ్లు గోడ నిటారు చూసుకునేది. కర్ర ముఖం అంచు పక్కన వేలాడదీశాడు. అంచు, దారం కలిసిపోయాయి. తర్వాత పిడి చివర వేలాడదీశాడు. దారం నడిమధ్య నుంచి దిగి గట్టు మీదుగా పోయింది. వెంట్రుక వాసి తేడా లేదు. అలా పద్నాలుగు కర్రలూ చూపిస్తానన్నాడు. మూడో కర్రకే కమిటీ సంతృప్తి చెందింది. ఐదో కర్రకి ఒక సభ్యుడు కునుకు తీశాడు.

"అయితే పిడి నిర్దోషి," అన్నారు జడ్జిగారు. "దోషం బోధనలో ఉండాలి."

కోచ్ ఫోను ముందుకు చాపాడు. "సార్, నేను చెప్పిన మణికట్టు ఇది కాదు సార్..."

అప్పుడు మేస్త్రి ఒక పని చేశాడు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, ఎదురుగా నిలబడి, జడ్జిగారి బూట్ల మీంచి చూపు పైకెత్తాడు. మోకాళ్లు, నడుం దాటి చొక్కా చేతి చివర ఆగాడు. బయట ఎండ. గదిలో ఫ్యాను నింపాదిగా తిరుగుతోంది. తొమ్మిది మందిలో ఎనిమిది మంది పొట్టి చేతుల చొక్కాల్లో ఉన్నారు.

"అయ్యా, తప్పుగా అనుకోకపోతే... తమరి ఎడమ మణికట్టు ఒక్కసారి చూపిస్తారా?"

కునుకు తీసే సభ్యుడు కూడా లేచాడు. జడ్జిగారు మేస్త్రిని చూశారు, వైసును చూశారు, ఇంకా ఊగుతున్న గుండును చూశారు. అది ఆగేదాకా ఆగారు. గుండీ విప్పారు.

లోపల చర్మం రంగు సాగే పట్టీ. నీటుగా, వరసగా చుట్టి ఉంది. చివర త్రికోణంగా మడిచి లోపలికి దోపి ఉంది.

మేస్త్రి తన వేలి పట్టీని ఆ పట్టీ పక్కన చూసుకున్నాడు. ఇంట్లో నాలుగు రోజులుగా తను విచారిస్తున్న సాక్షి ఎందుకు నోరు విప్పలేదో అర్థమైంది. పేషెంటు సంగతి బయటికి పొక్కనివ్వడం ఆవిడ ఉద్యోగంలో లేదు, మొగుడి షెడ్డు పోయేలా ఉన్నా సరే.

జడ్జిగారు లేచి నిలబడి, కార్యదర్శి వైపు తిరిగి, పాత అలవాటుతో ఆగి ఆగి చెప్పారు. "రాసుకో. పిడి సక్రమంగా ఉంది. బోధన సక్రమంగా ఉంది. లోపం ఆటగాడిది. పోటీ దాకా నయమవుతుందనుకుని దాచాడు. నాయకత్వం పోతుందని భయం. ఆ భయంతో ఇద్దరి బతుకులు బోను ఎక్కించాడు. పోటీకి నాయకుణ్ణి వేరే చూసుకోండి. షెడ్డు ప్రతిపాదన కొట్టివేయడమైనది."

కార్యదర్శి రాసి, కలం ఎత్తి, భయపడుతూ అడిగాడు. "సార్, దెబ్బ ఎలా తగిలిందని రాయమంటారు?"

జడ్జిగారు గుండీ పెట్టుకున్నారు. నిజం చెప్పడం ఆయనకి అలవాటు లేని పనేమీ కాదు. అయినా గుండీని ఇంకోసారి సర్దుకున్నారు.

"ఇంట్లో జామ్ సీసా మూత బిగుసుకుపోయింది. ఎడమ చేత్తో సీసా పట్టుకుని మెలితిప్పాను."

మినిట్స్ పుస్తకంలో అలాగే ఉంది. మేస్త్రి ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, గడపలో నిలబడి, భార్య మణికట్టు కాకుండా ముఖం చూశాడు. ఏమిటలా చూస్తున్నారని ఆవిడ అనుమానంగా అడిగింది.

పుస్తకంలోకి ఎక్కనిది ఒకటే. ఆ మూతని అదే రోజు జడ్జిగారి భార్య వేణ్ణీళ్లలో ముంచి తీసేశారు.