గొళ్ళెం మేడం

శాసనసభలో ఆమె లేచి నిలబడితే చాలు, వెనక వరుసల్లో ముసిముసి నవ్వులు మొదలవుతాయి. చదువుల మీద ఎంత పెద్ద చర్చ జరుగుతున్నా, కళ్ళజోడు తుడుచుకుని, చివరికి బళ్ళలో ఆడపిల్లల మరుగుదొడ్ల గొళ్ళేల దగ్గరికే వచ్చి ఆగుతుంది. అందుకే గొళ్ళెం మేడం అని పేరు పడిపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "పోనీలెండి, తలుపుకైనా పనికొచ్చే పేరు పెట్టారు" అంటుంది. ఏ బడికి వెళ్ళినా దండలు వేయించుకోకముందే మరుగుదొడ్డిలోకి వెళ్ళి, గొళ్ళెం పెట్టుకుని, తలుపును భుజంతో ఒక్క తోపు తోసి చూస్తుంది. చిన్నప్పుడు తన బళ్ళో తలుపుకు గొళ్ళెం ఉండేది కాదు, అక్క బయట కాపలా ఉంటేనే లోపలికి వెళ్ళేది. అక్క చదువు మానేశాక, బడి వదిలేదాకా మంచినీళ్ళు ముట్టేది కాదు.

మొన్న కొత్త బడి ప్రారంభానికి వెళ్ళి అలాగే తోస్తే, గొళ్ళెం ఊడి చేతిలోకొచ్చింది. బయట ఓ పాప కాళ్ళు మెలిపెట్టుకుని నిలబడి ఉంది. "వెళ్ళు తల్లీ, నేనున్నాగా" అని ఆమె తలుపుకు వీపు ఆనించింది. ఆ పాప వెనక ఇంకో ఇద్దరు చేరారు. అవతల మైకులో ఆమె సేవలను ఆకాశానికెత్తేస్తున్నారు. కాంట్రాక్టరు రొప్పుతూ వచ్చాడు. "మంత్రిగారు మీకోసమే చూస్తున్నారు మేడం. రేపు పొద్దున్నే బిగించేస్తాం." లోపలినుంచి సన్నటి గొంతు, "మేడం, వెళ్ళిపోకండి!" అంది. ఆమె ఊడిన గొళ్ళెం అతని చేతిలో పెట్టింది.

"ముందు ఇది బిగించు బాబూ. అంతదాకా నేను డ్యూటీలో ఉన్నానని మంత్రిగారితో చెప్పు."