కరీం సాబ్ చెవులూ, ఈరప్ప బండి మిస్సింగూ

ఎమ్మిగనూరులో బండి దగ్గితే, ఆదోనిలో టీ తాగుతున్న మెకానిక్కు కరీం సాబ్ గ్లాసు దింపి “రెండో ప్లగ్గు” అంటాడు. ఇది గాలి కబురు కాదు. రైల్వే స్టేషను ముందరి ఆటో స్టాండులో ఏ డ్రైవరును అడిగినా ఒట్టు పెట్టి చెబుతాడు. ఒకసారి గుంతకల్లు నుంచి వస్తున్న రైలింజనుకు జలుబు చేసిందని, అది ఊరు చేరకముందే స్టేషను మాస్టరుకు కబురు పంపాడట. మాస్టరు హడావుడిగా ఇంజను మార్పించాడట. నమ్మనివాళ్లు కాసేపు ఎండలో నిలబడి ఆలోచించుకోవచ్చు.

అంతటి చెవులు మూతపడ్డాయన్న సంగతి అప్పట్లో ఆ స్టాండులో ఎవరికీ తెలియదు. ఇంటామె రసూల్‌బీకి ఒక్కదానికే తెలుసు. సైలెన్సర్ల పక్కన, పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు యంత్రాల పక్కన వయసంతా కరిగించిన మనిషికి మొదట పిట్టల కూత పోయింది. తరువాత కుక్కరు విజిలు పోయింది. చివరికి అజాన్ కూడా నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు అయిపోయింది. అతన్ని పిలవాలంటే రసూల్‌బీ చిన్న గులకరాయి విసిరేది. ఆమె గురి తప్పేది కాదు. డాక్టరుకు చూపించుకోమని ఎంత పోరినా కరీం సాబ్ వినలేదు, ఆ వినకపోవడం మాత్రం చెవుల తప్పు కాదు. చెవిలో మిషను పెట్టుకున్న మెకానిక్కు దగ్గరికి బండి ఎవడు తోలుకొస్తాడని అతని భయం. తన రిపేరు షెడ్డు తప్ప అతనికి ఇంకో బతుకు తెలియదు.

అందుకని నాటకం మొదలుపెట్టాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, పాట కచేరీలో ముందు వరసలో కూర్చున్నవాడిలా తల ఊపేవాడు. లోపల వినిపించేది సున్నా. కళ్లు తెరిచాక డ్రైవరు మొహం చూసి రోగం ఊహించేవాడు, పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. చాలా బండ్లు అతని అదృష్టం మీదే బాగుపడ్డాయి. ఈరప్ప పికప్పు దగ్గర ఆ అదృష్టం చిల్లిపడింది.

ఈరప్పది తుగ్గలి. ఊళ్ల నుంచి పత్తి బోరాలు, అంటే పత్తి కుక్కిన పెద్ద గోనెలు, ఆదోని మార్కెట్ యార్డుకు తోలుతాడు. బండి పాత పెట్రోలు రకం, సీటు ఎత్తితే కింద ఇంజను కనబడుతుంది. అది నిలబడి ఉంటే చలిజ్వరం వచ్చినట్టు వణికేది, మధ్యమధ్య దెబ్బ తప్పి మిస్సింగు కొట్టేది, యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చచ్చేది. రేసు ఇస్తే మాత్రం ఏ పాపమూ ఎరగనట్టు పరిగెత్తేది.

పత్తి దిగే రోజుల్లో ఆదోనిలో ఏ బండి మొరాయించినా తప్పు దూదిదే. గాలి నిండా దూది, చాయ్‌లో దూది, మీసాల మీద దూది. ఇక్కడి మెకానిక్కు రోగం అడగడు, ముందు ఎయిర్ ఫిల్టరు డబ్బా ఊడబెరికి గాలి కొడతాడు. ఆదోనిలో పుట్టిన బిడ్డకు కూడా గాలి కొట్టాకే స్నానం పోస్తారని ఎమ్మిగనూరు వాళ్లు ఎగతాళి చేస్తారు. కరీం సాబ్ కూడా డబ్బా ఊడబెరికి, గాలి కొట్టి పంపాడు. రోగం తగ్గలేదు సరికదా ముదిరింది. ఈరప్ప మళ్లీ వచ్చాడు, డబ్బా మళ్లీ ఊడింది. ఆ పైసారి డబ్బాతో పాటు ప్లగ్గులు కూడా మార్చి పంపితే, బండి ఆ సాయంత్రమే యార్డు గేటులో అడ్డంగా చచ్చి, వెనక ఉన్న డ్రైవర్లందరి చేత ఈరప్ప వంశాన్ని తిట్టించింది.

మరునాడు పొద్దున ఈరప్ప షెడ్డు ముందు నిలబడి, నలుగురూ వింటుండగా అన్నాడు.

“సాబ్, ఎమ్మిగనూరు కాడ లోడుంది. నువ్వు నా పక్కన కూసో. ఈ తూరి బండి నిలబడిపాయెనంటే, నీకు పని రాదని స్టాండులో నేనే సెప్తా.”

కరీం సాబ్ ఆ పెదవులను పూర్తిగా చదివాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని బండెక్కాడు.

పోయేటప్పుడు ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా బండి చచ్చింది, ప్రతిసారీ ఈరప్ప ఏదో గొణిగాడు. చెవులు పోయినా కరీం సాబ్‌కు కూర్చునే చోటు ఇంకా పనిచేస్తోంది. సీటు కింద ఇంజను దెబ్బ తప్పుతున్న ప్రతి సారీ అది అతని వెన్నులోకి పాకింది. ఎక్కడ తప్పుతోందో మాత్రం వెన్ను చెప్పదు. లోడు ఎక్కించేటప్పుడు అతను దిగలేదు. దిగితే ఎవరైనా పలకరిస్తారని భయం.

వచ్చేటప్పుడు, కోటేకల్లు దాటాక, గొర్రెల మంద రోడ్డెక్కింది. ఈరప్ప బ్రేకు తొక్కితే పెడలు బండరాయిలా కదలలేదు. సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా వేసి తొక్కాడు. బండి చివరి గొర్రె తోకను రాసుకుంటూ రోడ్డు దిగి, కంపచెట్లలో దూరి, ఆగి చచ్చింది. గొర్రెల కాపరి తిట్లు ఈరప్ప ఒక్కడికే వినిపించాయి. కరీం సాబ్‌కు ఆ నోరు కనిపించింది, అది చాలింది.

ఈరప్ప దిగి, గట్టు మీద కూలబడ్డాడు. కరీం సాబ్ సీటు ఎత్తాడు. చేతికి గుడ్డ చుట్టుకుని, నిన్న బిగించిన కొత్త ప్లగ్గు ఒకటి విప్పాడు. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

దూది అడ్డుపడి గాలి అందకపోతే ప్లగ్గు మసిబారాలి. తెల్లగా ఉందంటే ఇంజనుకు గాలి ఎక్కువై, పెట్రోలు చాలడం లేదు. ఫిల్టరుతో పని లేకుండా, ఎక్కడో చిల్లిలోంచి దొంగగాలి దూరుతోంది. ఇన్నాళ్లూ అతను దాహంతో చచ్చేవాడికి విసనకర్రతో విసిరాడు.

దొంగగాలి దూరేచోట బుస్సుమంటుంది. చెవులున్న మెకానిక్కు ఎవడైనా ఆ బుసను బట్టి చిల్లిని పట్టేస్తాడు. కరీం సాబ్ బండి స్టార్టు చేయించి, ఈరప్పను తలుపు దగ్గర నిలబెట్టి యాక్సిలరేటరును చేత్తో నొక్కిపెట్టమన్నాడు. వేరే దారి తోచక, అల్లాను తలుచుకుని, స్క్రూడ్రైవరు చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఒక్కసారి, ఈ ఒక్కసారి వినిపిస్తే చాలు. ఏమీ వినిపించలేదు. అలవాటు కొద్దీ తల మాత్రం ఊగింది.

వెనక నుంచి ఈరప్ప, పాము మాదిరి ఏదో బుసకొడుతోందని చెప్పాడు. కరీం సాబ్ తిరగలేదు. ఇంకోసారి చెప్పాడు. తల ఊగుతూనే ఉంది. ఈరప్పకు అనుమానం వచ్చింది.

“సాబ్, నీ గడ్డంలో తేలుంది,” అన్నాడు.

కరీం సాబ్ కళ్లు మూసుకుని, నిదానంగా, పెద్దమనిషి తరహాలో తల ఊపాడు.

ఈరప్ప చెయ్యి తీసేశాడు. ఇంజను ఆగిపోయింది. చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“నీకు ఇనపడదు.”

కరీం సాబ్ చేతిలోంచి స్క్రూడ్రైవరు జారింది. “స్టాండులో సెప్పొద్దప్పా,” అన్నాడు. “నాకు ఇంగో పని రాదు.”

“గొర్రెల కాడ ఇద్దరమూ పోయేటోళ్లం. యాడ బుస్సంటాందో నాకు తెల్దు, నీకు ఇనపడదు. ఇంగ బండిని ఈడనే తగలబెట్టి పోదామా?”

కరీం సాబ్ తల తిప్పుకున్నాడు, కళ్లు చూపించడం ఇష్టం లేక. తిప్పిన వైపు పత్తి బోరెం కుట్టులోంచి దూది బయటికి వచ్చి గాలికి ఊగుతోంది. అతను దాన్ని చాలాసేపు చూశాడు. తరువాత ఒక పింజ పీకి, సన్నగా సాగదీసి, బండి మళ్లీ స్టార్టు చేయమని సైగ చేశాడు.

ఒంటితో గాలికి అడ్డం నిలిచి, వేళ్ల కొసన దూది పట్టుకుని, ఇంజను అతుకులన్నిటి మీదా నడిపించాడు. కార్బరేటరు అడుగున అది కదలలేదు. తన శ్వాసకు దూది ఊగకుండా ఊపిరి బిగబట్టాడు. ఫిల్టరు డబ్బా కిందికి, ఇంజను నుంచి బ్రేకు బూస్టరుకు పోయే లావు రబ్బరు పైపు మూతి దగ్గరికి తెచ్చాడు. దూది ఒక్క ఉదుటున ఎగిరి పైపుకు అతుక్కుంది.

అక్కడ బొటనవేలు పెట్టి నొక్కాడు. ఇంజను వణుకు మానింది.

పైపు మూతి చిట్లి ఉంది. డబ్బా ఊడబెరికిన ప్రతిసారీ కింద ఉన్న పైపు కూడా లాగబడి, చిట్లు కొంచెం కొంచెం పెరిగింది. బ్రేకుకు బలమిచ్చేది కూడా ఆ పైపే. ఆ చిట్లును పెంచిన చేతులు ఎవరివో కరీం సాబ్‌కు తెలుసు. చిట్లిన ముక్క కోసేసి, మిగతా పైపును లాగి తొడిగి, క్లిప్పు బిగించాడు. బ్రేకు వెన్నలా దిగింది.

స్టాండు చేరాక ఈరప్ప నోరు తెరిచాడు. రహస్యం దాస్తానని ఒట్టు వెయ్యకుండానే, దాన్ని ఎవరూ తవ్వలేనంత పెద్ద కథ కింద పూడ్చాడు. సాబ్ చెవులకు ఎమ్మిగనూరు దగ్గు ఆదోనిలో వినబడుతుందన్నాడు. రైలింజను జలుబు కూడా ఆ పూట పుట్టిందే. ఆటో తోలే ఇస్సాకు నోరెళ్లబెట్టి విని, తన బండి బ్రేకు కూడా మొండికేస్తోందని, కొంచెం చెవి పెట్టి చూడమని స్క్రూడ్రైవరు తెచ్చి కరీం సాబ్ చేతిలో పెట్టాడు.

కదులుతున్న నోళ్లన్నిటినీ కరీం సాబ్ చూశాడు. ఈరప్ప కన్ను గీటడం కూడా చూశాడు. స్క్రూడ్రైవరును ఇస్సాకుకే తిరిగి ఇచ్చాడు.

“అదంతా ఈరప్ప అల్లిన కత. నాకు రెండేండ్ల నుంచి సెవులు ఇనపడవు. బండికేమైందో నా తట్టు తిరిగి, నిదానంగా సెప్పు.”