ఆదిశేషయ్య పట్టిన అలలు

ఆదిశేషయ్య మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తే ఇక అతన్ని పొగడాల్సిన పని నాకుండదు. పుట్టింది నాందేడ్ రైల్వే క్వార్టర్లలో, తండ్రి గార్డు. ఇద్దరం ఒకే ఏడాది యూనివర్సిటీలో ఫిజిక్స్ పీహెచ్‌డీకి చేరాం, ఒకే గైడు దగ్గర. నా అంశం ఎవరికీ పట్టనిది. అతను మాత్రం ఆకాశం మీద పడ్డాడు.

భూమికి ఐదు వందల కిలోమీటర్ల ఎత్తున, అయనోస్ఫియర్ అనే పొరలో విద్యుదావేశమున్న కణాలు తిరుగుతుంటాయి. ఆ కణాల గుంపునే ప్లాస్మా అంటారు. ఉపగ్రహాలు దాన్ని చీల్చుకుంటూ పోతాయి. ఒక విదేశీ ఉపగ్రహం పంపిన కొలతల్లో ఆదిశేషయ్యకు కొన్ని అలలు కనిపించాయి. అక్కడి ప్లాస్మా తనంతట తానే అస్థిరమై అలా కదులుతోందని, ఇంతవరకు ఎవరూ చూడలేదని అతని నమ్మకం. ఆ గ్రాఫులు క్యాంటీన్ కాశీబాయికి కూడా చూపించాడు. ఆమె "మస్తున్నయ్ సాబ్" అంది. మా గైడు దిగంబర్ సర్ కూడా అంతకంటే లోతుగా చూడలేదు.

అతని సెమినార్‌కు మూడేళ్ల ముందు ఒక మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్లినప్పుడు, ఆ అలలు వచ్చిన వేళల్లో ఉపగ్రహం ఎటు తిరిగి ఉందో వెతికాను. గోదావరిలో పడవ పోతుంటే వెనక నీళ్లు చెదురుతాయి కదా, ఉపగ్రహం వెనక ప్లాస్మా కూడా అంతే. అక్కడ కణాలు పూడ్చలేని ఖాళీ ఏర్పడి, దాని అంచుల్లో అలలు లేస్తాయి. ఉపగ్రహానికున్న కొలిచే కడ్డీ ఆ ఖాళీ వైపు తిరిగినప్పుడే ఆదిశేషయ్య అలలన్నీ వచ్చాయి, అంటే అవి ఉపగ్రహం లేపినవే. ఏ వేళ, ఏ చోట అని ఐదేళ్లు చూసిన మనిషి, ఇదొక్కటీ చూసుకోలేదు.

నేను చెప్పలేదు. విభాగంలో ఒక్కటే పోస్టు ఖాళీ కాబోతోంది, అదొక కారణం. అసలు కారణం వేరు. అతని మొహంలో ఆ సంతోషం చూస్తే నాకు ఒళ్లు మండేది.

థీసిస్ ఇచ్చేముందు కమిటీ ఎదుట సెమినార్ నెగ్గాలి. అతని రిజిస్ట్రేషన్ ఆ నెలాఖరుతో ముగుస్తుంది, పొడిగింపులు రెండూ అయిపోయాయి. మా విభాగంలో ఒక అలవాటుంది. అభ్యర్థి ముందురోజే స్నేహితులకు సులువైన ప్రశ్నలు చీటీల మీద రాసిస్తాడు, కమిటీకి గట్టి ప్రశ్నలు వేసే సమయం మిగలకుండా. నా చీటీ తెచ్చిచ్చి, "వికాస్, ఫస్టు నువ్వే అడగాలె. నీ గొంతు వింటె నాకు ధైర్యమస్తది" అన్నాడు. అతని భార్య భాగ్యవతి అరవై మందికి భోజనాలు చెప్పింది.

నేనే ముందు లేచాను. చీటీ జేబులోనే ఉంచి, ఈ అలలు వచ్చినప్పుడల్లా ఉపగ్రహం ఎటు తిరిగి ఉందని అడిగాను. నేను గీసుకొచ్చిన గ్రాఫు కమిటీ చేతికిచ్చాను. ఆదిశేషయ్య తెర వైపు తిరిగి తన గ్రాఫు మీది వేళలు ఒక్కొక్కటే చూసుకున్నాడు. కమిటీ ఐదు నిమిషాలు గుసగుసలాడి, అధ్యాయాలన్నీ మళ్లీ చేసి రమ్మంది. ఇదెలా వదిలేశావని దిగంబర్ సర్ అందరి ముందూ అతన్నే గద్దించారు.

భోజనం మాత్రం ఎవరూ మానలేదు. నేను రెండు గులాబ్ జామూన్లు తిన్నాను. వడ్డించింది భాగ్యవతే. ఏం జరిగిందో అప్పటికి ఆమెకెవరూ చెప్పలేదు.

చేతులు కడుక్కునే చోట ఆదిశేషయ్య నా పక్కకొచ్చాడు. తిడతాడనుకున్నాను.

"మంచిగ పట్టినవ్‌రా. థీసిస్ అట్లనే బయటికి పోతే ఇజ్జత్ పోతుండె. ఎప్పుడు తెల్సింది నీకు, నిన్ననా?"

ఆ మంచితనం నేను భరించలేకపోయాను. "మూడేండ్ల కింద" అన్నాను.

అతను తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అప్పుడే చెప్తే అయిపోతుండె గదరా" అన్నాడు. "గా ఉపగ్రహం ఎన్క లేచే అలల మీదనే థీసిస్ రాస్తుంటి. గది గూడ కొత్త సంగతే."

అతను చెప్పింది నిజం. ఆ అలల మీద పేపరు నేను రాశాను, పోస్టు నాకే వచ్చింది. ఆదిశేషయ్య ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాడు. కొలతలు ఏరిపెట్టినందుకు పేపరు చివర అతనికి కృతజ్ఞతలు చెప్పాను.