జ్వరానికి దాచిన బియ్యం

నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర సాయంత్రం ఐదింటికి ఒక జొన్న రొట్టెల బండి పెడతారు. పిండి ముద్దను అరచేత్తో తట్టే చప్పుడు ఆటోల హారన్ల మధ్యలో కూడా నాకు విడిగా వినిపిస్తుంది. మొన్న ఆ బండి ముందు వరుసలో నిలబడ్డాను. నా ముందున్న నలుగురూ షుగరు గురించే మాట్లాడుకుంటున్నారు, ఎవరికి ఎంత ఉందో పిల్లల మార్కులు చెప్పుకున్నట్టు. నా చేతిసంచిలో రక్తపరీక్ష కాగితం ఉంది. మధ్యాహ్నం తీసుకున్నాను గానీ మడత విప్పలేదు. ఇరవై ఏళ్ళకు పైగా బడిలో లెక్కలు చెప్తున్నదాన్ని, రెండు అంకెలు చూడడానికి వణికిపోతున్నాను. నిజానికి నన్ను వణికించింది ఆ కాగితం కాదు. ముందురోజు బడి నుంచి వచ్చి చెప్పులు విప్పితే, ఎడమ చెప్పులోంచి ఒక తుమ్మముల్లు పైకి పొడుచుకుని ఉంది. బొటనవేలి కింద రక్తం ఎండి నల్లబడింది. పొద్దున్నుంచి దాని మీదే నడిచాను, నాలుగు తరగతుల్లో నిలబడి పాఠం చెప్పాను. నాకు తెలియనే లేదు. బండి ముందు నిలబడి ఆ తట్టుడు చప్పుడు వింటుంటే సాయమ్మ పెద్దమ్మ చెయ్యి గుర్తొచ్చింది, వెంటనే ఆమె కాలు గుర్తొచ్చింది.

సాయమ్మ మాకు చుట్టం కాదు. గోపాల్‌పేట దగ్గర మా ఊళ్ళో మా గోడా ఆమె గోడా ఒకటే. దసరా దాటగానే అమ్మానాన్నలు మేస్త్రీ వెంట బొంబాయి వైపు మట్టిపనికి పోయేవాళ్ళు. మళ్ళీ వానల ముందు వచ్చేదాకా నేను ఆమె దగ్గరే. ఆమెకు పిల్లలు లేరు, భర్త చిన్న వయసులోనే పోయాడు. కూలికి పోయి నన్నూ తననూ సాకేది. పొద్దున జొన్న అంబలి, మధ్యాహ్నం రొట్టెలోకి పుంటికూర, మాపటికి జొన్న రవ్వతో ఉడికించిన గటక, పచ్చిపులుసు. ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, పాతకాలం తిండి తిన్నారు కాబట్టే మనవాళ్ళు గట్టిగా ఉన్నారని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ గటక మంచిదే, కాదనను. కానీ అది కడుపునిండా ఎన్ని నెలలు ఉండేదో వీళ్ళెవరూ చెప్పరు. ఎండలు ముదిరేసరికి మా జొన్నలు అడుగంటేవి. పెద్దమ్మ రోజూ కుండలో చెయ్యి పెట్టి లోతు చూసి, ఆ పూటకు ఎన్ని రొట్టెలో తేల్చేది. వేళ్ళు కుండ అడుగుకు తగిలిన రోజు ఆమె మొహం చూడాలంటే నాకు భయమేసేది.

"తిన్నప్పుడు భయపడొద్దు బిడ్డా. తిననప్పుడు భయపడాలె" అనేది.

అటక మీద ఇంకో చిన్న కుండ ఉండేది. అందులో బియ్యం. పండక్కి కొంచెం తీసేది, మిగిలినవన్నీ జ్వరానికి. మా వైపు బువ్వంటే వరి అన్నమే, అది రోజూ తినేది కాదు. ఒళ్ళు వెచ్చబడినవాళ్ళకు, బాలింతలకు, మంచం పట్టినవాళ్ళకు వండిపెట్టేది. ఎనిమిదేళ్ళప్పుడు నాకొక తెలివి పుట్టింది. మిట్టమధ్యాహ్నం ఎండలో మొహం పెట్టి కూర్చుని, నుదురు కాలాక లోపలికొచ్చి జ్వరమని పడుకున్నాను. పెద్దమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది. తర్వాత చంకలో వేలు పెట్టి చూసింది.

"ఏందే, జొరం నెత్తికే వచ్చిందా? చంకలకు దిగలేదా?" అంది. నాకు నవ్వాగలేదు. "పండుకో, జొరమొచ్చినోళ్ళు నవ్వరు" అంటూనే అటక మీది కుండ దించింది.

తెల్లటి మెత్తటి బువ్వ, మీద ఇంత ఉప్పు, నాలుగు చుక్కల నెయ్యి. గిన్నె నాకేశాను. ఆమె మాత్రం వార్చిన గంజిలో ఉప్పు వేసుకుని తాగింది. నువ్వు తినవా అని అడిగితే, "నాకేమయిందే బువ్వ తినేతందుకు?" అంది. ఆ మాట ఎంత పెద్దదో అప్పుడు నాకు తెలియదు. నాకు పన్నెండేళ్ళు రాగానే అమ్మానాన్నలు నన్నూ పనికి తీసుకుపోతామన్నప్పుడు గడపకు అడ్డంగా కూర్చున్నది కూడా ఆమే. "ఈ పిల్ల తట్ట మొయ్యది. నా రొట్టెల సగం తింటది, చదువుతది" అంది. నేను పంతులమ్మనయ్యానంటే ఆ సగం రొట్టె వల్లనే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

తర్వాత రేషను బియ్యం వచ్చాయి. జొన్న చేలల్లో పత్తి వేశారు. పెద్దమ్మ ఇసుర్రాయి గోడవారకు చేరి, వచ్చినవాళ్ళు కూర్చునే పీట అయింది. ఆమె మూడు పూటలా బువ్వే తినేది. నాకు ఉద్యోగం వచ్చిన నెల నాగర్‌కర్నూల్ నుంచి సన్నబియ్యం బస్తా తీసుకుపోయాను. గుమ్మిలో పోయించి, చెయ్యి దూర్చింది. మోచేతి దాకా మునిగింది. "చెయ్యి మునుగుతున్నదే!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు కోసం నేను అప్పటి నుంచి బస్తాలు మోస్తూనే వచ్చాను. మోకాళ్ళ నొప్పులతో ఆమె పనికి పోవడం మానేసిందనీ, పని తగ్గి బువ్వ పెరిగిందనీ మాలో ఒక్కరికీ తట్టలేదు. తిండికి లోటు లేదని సంతోషపడ్డాం, అంతే.

కొన్నేళ్ళకు పెద్దమ్మ చిక్కిపోయింది. చెంబులకు చెంబులు నీళ్ళు తాగేది. నీరసం అన్నాం. నీరసమైనవాళ్ళకు మా వాళ్ళు ఏం పెడతారో చెప్పాను కదా. అప్పటికి వలస మానేసి ఇంటిపట్టునే ఉంటున్న అమ్మ, రోజూ బువ్వ ఇంకాస్త మెత్తగా వండి, పాలు, చక్కెర కలిపి గోడ అవతలికి అందించేది. చక్కెర వెయ్యమన్నది నేనే. పెరట్లో ఆమె ఒంటికి పోయిన చోట చీమలు బారులు కట్టేవనీ, ఎవరూ చూడకముందే దాని మీద బూడిద చల్లేదనీ తర్వాతెప్పుడో తెలిసింది. ఒకసారి నేను వెళ్ళేసరికి ఎడమ మడమకు గుడ్డ కట్టుకుని ఉంది. ఏమయిందంటే చెప్పు కరిచిందంది. "నొస్తలేదు బిడ్డా, జర్ర గూడ నొస్తలేదు" అని చీర కుచ్చెళ్ళ కిందికి కాలు లాక్కుంది. నొప్పి లేదు కదా అని నేనూ ఊరుకున్నాను. మళ్ళీసారి వెళ్ళినప్పుడు గుమ్మంలోనే వాసన తగిలింది. గుడ్డ విప్పి చూశాను. ఆ చూసింది ఇక్కడ రాయలేను.

దవాఖానలో డాక్టరు ఏం తింటుందని అడిగాడు. రోజూ సన్నబియ్యం బువ్వ, ఏ లోటూ చెయ్యలేదన్నాను. నా గొంతులో గర్వం ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. "నొప్పి కూడా లేదు సార్" అన్నాను ధైర్యంగా. ఆయన నా వైపు చూసి, "అదేనమ్మా భయం" అన్నాడు. షుగరు ఒక్క బువ్వ వల్లే వచ్చిందని ఎవరం చెప్పలేమనీ, ఇన్నేళ్ళు చూపించకపోవడమే కొంప ముంచిందనీ అన్నాడు. మోకాలి కింద తీసేశారు.

ఇంటికి తెచ్చాక ఒక మధ్యాహ్నం ఆమె జొన్న రొట్టె అడిగింది. ఊళ్ళో ఎవరింట్లోనూ జొన్నలు లేవు. పిండి పొట్లం గోపాల్‌పేట నుంచి కొనుక్కొచ్చాను. నేను తడితే అంచులన్నీ పగుళ్ళు. మంచం మీద నుంచే, "చన్నీళ్ళు పోస్తే రాదే, మరిగిన నీళ్ళు పొయ్యాలె" అని నేర్పింది. ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. అప్పుడు అడిగాను, రోగం ఎందుకు దాచావని.

"కోడేరుల మా చెల్లెకు గిట్లనే షుగరని, దవాఖానోళ్ళు బువ్వ బందు పెట్టిన్రు. చెప్తే నాకు గూడ బంద్ చేస్తరని భయమయ్యింది బిడ్డా. చెయ్యి మునిగేటన్ని బియ్యం ఇంట్ల పెట్టుకోని, మల్ల ఎట్ల బతకాలె?"

కాలు పోతుందని ఆమెకు భయం లేదు. బువ్వ పోతుందని భయం. ఆరు నెలలు కాకముందే ఆమే పోయింది.

మొన్న రొట్టెలు కొనుక్కుని ఇంటికి వచ్చాను. రొట్టెలు నన్ను కాపాడతాయనే నమ్మకంతో కాదు, ఇంకేం చెయ్యాలో తెలియక. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి శ్రావణి పొట్లం చూసి, "ఏంటమ్మా, ఈ వయసులో డైటింగా?" అని నవ్వింది. నేనూ నవ్వి కుర్చీలో కూర్చుని, ఎడమకాలిని మెల్లగా చీర కుచ్చెళ్ళ కిందికి లాక్కున్నాను. లాక్కున్నాక గానీ ఏం చేశానో నాకు తెలియలేదు. అచ్చం పెద్దమ్మలాగే, అదే కాలు. సంచిలోంచి కాగితం తీసి, మడత విప్పకుండానే శ్రావణి చేతికిచ్చాను. కాలు బయటికి చాపాను.

"ఈ వేలికి స్పర్శ పోయింది బిడ్డా. నాకు చాలా భయంగా ఉంది. రేపు నాతో దవాఖానకు రా" అన్నాను.

శ్రావణి కాగితం చదివింది. నేల మీద కూర్చుని, నా పాదం ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలిని రెండు వేళ్ళతో గట్టిగా నొక్కింది. శ్రావణి గోళ్ళు తెల్లబడడం నాకు కనిపిస్తూనే ఉంది.

"ఇప్పుడు తెలుస్తుందా అమ్మా?"

తెలుస్తుందని అబద్ధం చెప్పడం ఎంత తేలికో ఆ క్షణంలో అర్థమైంది.

"లేదు" అన్నాను.