మైళ్ళత్త అడిగే ఒక్క మాట

మైళ్ళత్త పోయిందని ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను గౌహతిలో మా వంటింట్లో పాలు కాచుకుంటున్నాను. "అక్క పోయింది పాపా. పొద్దున లేపితే లెయ్యలేదు. రేపు పదకొండుకి ఎత్తతారంట" అని చెప్పి ఆమె పెట్టేసింది. నేను పాలు దించాను. స్టవ్ కట్టేశాను. గిన్నె మీద మూత పెట్టాను. ఆ తరువాత, మా లైన్లో పుట్టిపెరిగిన వాళ్ళెవరైనా చావు కబురు వినగానే చేసే పనే నేనూ చేశాను. టికెట్టు కోసం మైళ్ళత్తకే ఫోన్ కొట్టాను.

రెండు రింగులకే ఎత్తారు. "నేను పాపా, చిన్నత్తని. అక్క ఫోను నా చేతిలో ఉండాది" అంది ఆమె చెల్లెలు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. చెయ్యి తప్పి నొక్కానని చెప్పి పెట్టేశాను.

ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. రాస్తే వస్తుందేమోనని కూర్చున్నాను గానీ, ఆ నమ్మకం కూడా పెద్దగా లేదు.

మైళ్ళత్త మాకు చుట్టం కాదు. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో గని పనివాళ్ళకు కట్టిచ్చిన ఇళ్ళ వరసను లైన్ అంటారు. మా లైన్లో మా ఇంటి గోడా ఆమె ఇంటి గోడా ఒకటే. ఇటు మేము దగ్గితే అటు ఆమె "మిరియాలు నూరి పెట్టేదా?" అని అడిగేది. ఆమె పెనిమిటి గని లోపల బండ కూలి పోయినాడు. ఆ రోజు ఆమె వేసవి పంట రాగి కోతలకని బూదికోటలో పుట్టింటికి పోయి ఉంది. కబురు ఆ ఊరికి చేరేసరికి పొద్దు గూకింది. మరుసటి రోజు బస్సు పట్టుకుని వచ్చేసరికి మట్టి చేసేశారు. ఎండాకాలం, ఇంక ఉంచలేమన్నారట. ఆయన గుడ్డలు, ఒక ఇత్తడి బిళ్ళ ఆమె చేతికిచ్చారు. గనిలోకి దిగేటప్పుడు ప్రతి మనిషికీ నంబరున్న బిళ్ళ ఒకటి ఇచ్చేవాళ్ళు. పైకొచ్చి దాన్ని తిరిగి అప్పజెపితేనే మనిషి వచ్చినట్టు లెక్క. ఆ బిళ్ళను ఆమె తలుపు పక్కన మేకుకు తగిలించింది. నేను పుట్టినప్పటి నుంచీ అది అక్కడే ఉంది.

"మొగం చూడలేదు గదా పాపా, అందుకే ఆయప్ప యాడో ఉండాడనే అనిపిస్తాది. నిన్న గూడా సైరన్ కూసినట్టు అనిపిస్తే రెండు ముద్దలు ఎక్కువ చేసినా" అని ఒకసారి నాతో అంది. గనిలో షిఫ్టు అయిందని కూసే ఆ సైరన్ ఆగిపోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. చెప్పేటప్పుడు నవ్వింది కూడా.

గనులు మూతపడ్డాక లైన్లో సగం మంది పొద్దున రైలుకి బెంగళూరు పనులకు పోయేవాళ్ళు. ఆమె కూడా పోయింది, ఒక ట్రావెల్ ఆఫీసులో అటెండర్‌గా. టీ కప్పులు కడుగుతూ కడుగుతూనే మైళ్ళ సంగతి నేర్చుకుంది. విమానం కంపెనీ వాళ్ళకు ఒక వెబ్‌సైటు ఉంటుంది. అందులో అంగళ్ళ గిఫ్టు కార్డులు అమ్ముతారు. కార్డంటే అట్టముక్క కాదు, ఫోనులోకి వచ్చే పొడుగాటి నంబరు. ఆ నంబరు అంగట్లో చూపించి మిక్సీ కొనుక్కోవచ్చు, చీర కొనుక్కోవచ్చు. సామాను సామానే, దాని పైన కొన్నందుకు మైళ్ళు. మైళ్ళు ఒక మోస్తరుగా పోగయితే విమానం టికెట్టు. ఆ ఆఫీసు బాబులు ఇట్లా పోగేసి గోవాలు తిరిగేవాళ్ళు. ఆమె అదంతా చూసి రిటైరయ్యాక బ్యాంకులో కొంత డబ్బు కట్టి, దాని మీద ఒక క్రెడిట్ కార్డు తీసుకుంది. అప్పటి నుంచి మా లైన్లో ఎవరు ఏం కొనాలన్నా ముందు ఆమె గుమ్మం ఎక్కాల్సిందే.

"యాడ కొంటావు? ఎంతది? ఉండు, నంబరు తీసిస్తా" అనేది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, ఒక్క వేలితో ఫోను పొడిచేది. వచ్చిన నంబరును క్యాలెండరు కాగితం వెనక రాసి, రెండుసార్లు చదివించి, చేతిలో పెట్టేది. డబ్బు మేము ఆమెకిచ్చేవాళ్ళం, మైళ్ళు ఆమె పేరు మీద పడేవి. చాలా అంగళ్ళు కేజీఎఫ్‌లో లేవు. మాలూరుకో బెంగళూరుకో పోయి తెచ్చుకోవాలి. తిట్టుకుంటూనే పోయి తెచ్చుకునేవాళ్ళం.

ఒక ఉగాదికి ముందు ఏదో బూట్ల కంపెనీ కార్డులకు మూడింతల మైళ్ళు ఇచ్చారు. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. మా అమ్మ "నాకెందుకే బూట్లు, నేనేమన్నా రేసుకి పోతానా?" అంటే, "కాళ్ళకు మంచిది, వేసుకో వదినా" అని వదల్లేదు. ఆ బూట్లలో చవకరకం ఒకటే, తెల్లవి. ఆ పండగకు మా లైన్లో పూలమ్మే అవ్వ దగ్గర్నుంచి రేషన్ షాపు ఆయన దాకా అందరి కాళ్ళకూ, పండక్కి వచ్చిన నా కాళ్ళకూ ఒకటే తెల్ల బూట్లు. పక్క లైను వాళ్ళు మమ్మల్ని చూసి "ఏమప్పా, అందురూ ఒకే స్కూల్లో చేరినారా?" అని ఏడిపించారు. ఆమె మాత్రం గుమ్మంలో కూర్చుని కాళ్ళ వంక చూసి మురిసిపోయింది.

ఇన్ని మైళ్ళూ ఆమె తన కోసం కూడబెట్టలేదు. ఆమె ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. గనులు పోయాక మా పిల్లలందరం చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయాం. పుణే, సూరత్, ఢిల్లీ, నాలాగా గౌహతి. ఎక్కడో ఉన్నవాళ్ళకు ఇక్కడ అమ్మో నాయనో పోయినట్టు కబురొస్తే, రైలైతే అందుకోలేరు. అప్పటికప్పుడు విమానం టికెట్టు కొనాలంటే గుండె ఆగుతుంది. అప్పుడు ఆమె మైళ్ళతో టికెట్టు తీసేది. చావుకి తప్ప దేనికీ ఇచ్చేది కాదు. "పెండ్లికి రైల్లో పో, చావుకి గాల్లో పో. పెండ్లిమొగం ఫోటోలో ఉంటాది" అనేది. రేషన్ షాపు ఆయన కొడుకు దూరాన ఉండే వాళ్ళ అవ్వ పోయిందని అబద్ధం చెప్పి టికెట్టు తీయించుకుని స్నేహితులతో ఊళ్ళు తిరిగొచ్చినాడు. ఆమె తిట్టలేదు. అందరినీ అడిగే మాటే వాణ్ణీ అడిగింది. వాడు నేల చూపులు చూసి అక్కడే ఏడ్చేశాడు.

ఆ మాట ఏమిటో మా నాయన పోయినప్పుడు నేనూ విన్నాను. అప్పుడూ గౌహతి నుంచే వచ్చాను, ఆమె తీసిన టికెట్టు మీదే. కార్యమంతా అయ్యేదాకా కట్టెలాగా తిరిగాను. వచ్చినవాళ్ళకు కాఫీలిచ్చాను, కుర్చీలు లెక్కపెట్టి షామియానా వాడికి అప్పజెప్పాను. సాయంత్రం ఆమె గుమ్మం దగ్గరికి పోయి నిలబడ్డాను. థాంక్స్ చెబుదామని. ఆమె చెప్పనియ్యలేదు.

"మొగం చూసినావా?" అంది.

"చూసినా అత్తా."

"బాగా చూసినావా?"

"చూసినా."

"అయితే ఇంగ ఏడువు."

ఆమె మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. చీకటి పడేదాకా ఏడ్చాను. ఆమె పక్కన కూర్చుని చింతపండు గింజలు తీసుకుంటూ ఉండిపోయింది. వీపు నిమరలేదు, ఊరుకోమనలేదు. లైన్లో విమానం ఎక్కి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ మెట్టు మీద ఒకసారి కూర్చున్నవాళ్ళే.

"నువ్వు పోతే ఈ మైళ్ళన్నీ ఎవరికత్తా?" అని ఒకసారి తమాషాగా అడిగాను. "ఎవురికీ రావు. మనిషి పోతే అవి గూడా పోతాయంట, అట్లని రాసుకుండారు వాళ్ళు. అందుకే నేనుండంగానే పొయ్యేవాళ్ళు పోండి" అని పకపకా నవ్వింది.

అందుకే ఆమె పోయిన ఆ పొద్దున నేను చేసింది తప్పేనని నాకు తెలుసు. నెలాఖరు. మా అకౌంటులో రైలుకు చాలేంత ఉంది, రైలు మూడో రోజుకు గానీ చేరదు. నేను లాప్‌టాప్ తెరిచి ఆమె పేరుతో లోపలికి పోయాను. పాస్‌వర్డు నాకు చెప్పింది ఆమే. కోల్‌కతా మీదుగా ఒక్క సీటు ఉంది. నొక్కితే, ఆమె ఫోనుకి నంబరు పంపినామని వచ్చింది.

మళ్ళీ ఫోన్ చేశాను. "చిన్నత్తా, మీ అక్క ఫోనుకి ఒక మెసేజీ వచ్చింటుంది. ఆరంకెలు. చదువు."

"ఇది తెరుచుకోలేదు పాపా. ఏమో నంబరు అడగతా ఉండాది."

ఎంతో ఆలోచించలేదు. "తలుపు పక్కన మేకుకు మీ బావ బిళ్ళ ఉంటుంది. దాని మీదుండే నంబరు కొట్టి చూడు."

చిన్నత్త లేచి నడిచిన చప్పుడు వినిపించింది. వెనక ఎవరో కట్టెల సంగతి మాట్లాడుతున్నారు. కాసేపటికి "తెరుచుకుంది" అంది, చాలా మెల్లగా. ఒక్కొక్క అంకె కూడబలుక్కుంటూ చదివింది. టికెట్టు వచ్చింది. స్క్రీను మీద మైళ్ళత్త పేరు పెట్టి, మీ ప్రయాణం సుఖంగా సాగాలి అని రాశారు.

"పోయినోళ్ళ పేరుతో తీసినావు గదా పాపా, ఏమన్నా అంటారేమో" అంది చిన్నత్త.

"అననీ" అన్నాను.

ఆ రాత్రి బెంగళూరులో దిగి, పొద్దున మొదటి బస్సుకి బయలుదేరి, తొమ్మిదికల్లా లైన్లో ఉన్నాను. ఆమె గుమ్మం బయట తెల్ల బూట్లు. ముప్పై జతలో, నలభై జతలో. కొన్ని మాసినవి, కొన్ని మడమ దగ్గర చినిగినవి, అన్నీ ఆ ఉగాదివే. నేనూ నా జత అక్కడే విడిచి లోపలికి పోయాను.

మొగం చూశాను. నుదుట పసుపు, దాని మీద రూపాయి బిళ్ళ. దవడ కింద నుంచి నెత్తి మీదికి తెల్లగుడ్డ కట్టారు. కళ్ళద్దాల గుర్తులు ముక్కుకు రెండు పక్కలా ఇంకా ఉన్నాయి. బాగా చూశాను. ఎంతసేపు చూసినా నాకు ఏమీ కాలేదు. ఆ పని మీదే వచ్చినట్టు చూసి, లేచి, వచ్చినవాళ్ళకు కాఫీలు కలపడానికి పోయాను.

పదకొండుకి ఎత్తారు. ఎత్తే ముందు చిన్నత్త మేకు మీది బిళ్ళ తీసి ఆమె గుప్పిట్లో పెట్టింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కాదనలేదు. మగవాళ్ళు హడావుడిగా దొరికిన బూట్లలో కాళ్ళు పెట్టి నడిచారు. వెనక మిగిలిన ఆడవాళ్ళకు మిగిలిన జతలు. "ఇవి నావి గాదే" అని ఒకామె అంది గానీ, ఎవరివో అడగడానికి ఎవరూ లేరు.

సాయంత్రం బ్యాగు భుజానికి తగిలించుకుంటే, కాళ్ళు ఆమె గుమ్మం దగ్గరికే పోయాయి. తలుపు మూసి ఉంది. మెట్టు మీద దీపం ఒకటి పెట్టారు. కాసేపు నిలబడి, బస్సుకు టైమయిందని వచ్చేశాను.

ఇప్పుడు గౌహతిలో మా గుమ్మం పక్కనున్న తెల్ల బూట్లు నావి కావు. నా కాళ్ళకు ఒక బొటనవేలంత పెద్ద సైజు. మార్చుకోవాలని లైన్లో ఎవరూ ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. రోజూ వాటినే వేసుకుని కూరగాయలకు పోతాను. వచ్చి విప్పేటప్పుడు "చూసినా అత్తా" అంటాను, పైకే అంటాను. ఆ తరువాతి మాట కోసం ఒక నిమిషం నిలబడి, లోపలికి పోయి స్టవ్ వెలిగిస్తాను.