వదిన ఎదురొచ్చిన వీధి

ఈ ఉదయం నేను బూట్ల లేసులు కట్టుకుంటుంటే గేటు అవతల నుంచి వదిన కేక వేసింది. "ఏందయ్యా మరిదీ, లోపల వ్యాసమేమన్నా రాస్తన్నావా? పొద్దెక్కతంది!" కోటప్పకొండ రోడ్డు మీద మా పరుగు ఇప్పుడు నరసరావుపేటలో ఎవరికీ వింత కాదు. మొదట్లో వింతే. మా వైపు వయసు మళ్ళిన మనిషి పరిగెత్తాడంటే ఎవరో పోయి ఉండాలి, లేదా ఎక్కడో తలలు పగిలి ఉండాలి. దారిన పోయేవాళ్ళు బండి ఆపి, "ఏమైంది పెద్దాయనా? ఎక్కండి, దింపుతా" అనేవాళ్ళు. ఊరికే పరిగెత్తుతున్నామంటే నమ్మేవాళ్ళు కాదు.

అన్నయ్య పోయాక వదినకు నిద్ర కరువైంది. మాత్రలు మింగినా రెప్ప పడేది కాదు. డాక్టరు నడవమంటే నడిచింది, నడక చాలక పరిగెత్తింది. పరిగెత్తిన రోజు రాత్రి తెల్లవార్లూ ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. ఇక ఆగలేదు, తోడుకు నన్నూ లాక్కెళ్ళింది. హేతువాద సభల్లో శకునాలనూ ముహూర్తాలనూ గంటల తరబడి చీల్చి చెండాడిన నాకు రోడ్డు మీద నాలుగు మాటలకు ఊపిరి అందేది కాదు. మిర్చి లారీ పక్కనుంచి పోయిందంటే మిగతా దారంతా దగ్గే.

అసలు చిక్కు మా వీధిలోని కిరాణా కొట్టు బాబాయితో వచ్చింది. ఆయన కొట్టు తెరవడానికి గడప దిగే వేళకే బొట్టు లేని వదిన ఎదురయ్యేది. ఆయన వెనక్కి తిరిగి, ఇంట్లో కాసిని మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరేవాడు. చివరికి నాతోనే అన్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, మీ వదిన్ని వేరే సందున పొమ్మనరాదూ? చానా ఇబ్బందిగా ఉంది." నాకు ఒళ్ళు మండి అక్కడే ఉపన్యాసం మొదలుపెట్టాను. శ్రద్ధగా విన్నాడు. మర్నాడూ వెనక్కి తిరిగాడు.

వదిన మొహం చిన్నబోయింది. "మానేస్తాలే మరిదీ. ఒకరి గడప ముందు అపశకునంగా ఎందుకు?" అంది. మానేస్తే మళ్ళీ ఆ నిద్రలేని రాత్రులే. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

తెల్లారి మళ్ళీ వచ్చింది. బాబాయి గడప దిగగానే ఆగి, ఆయన పక్కకు వెళ్ళి, కొట్టు వైపు తిరిగి నిలబడింది. "ఎదురొస్తేనేగా బాబాయ్ చెడ్డ? నేనూ అటే వస్తా. పద, పక్కపక్కన పోదాం."

బాబాయి శాస్త్రం కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. "పక్కనొస్తే... ఏం లేదనుకో" అన్నాడు. ఎదురొచ్చినా ఏమీ లేదని నేను నోరు తెరవబోతే వదిన చూపుతోనే మూయించింది. ఇద్దరూ కదిలారు. గుమ్మంలోంచి పిన్ని, "ఆ పొట్ట జాగ్రత్తయ్యో!" అని నవ్వింది.

ఆనాటి నుంచి బాబాయీ రోజూ మాతో పరుగుకు వచ్చేవాడు. కొన్ని నెలలకు ఒకరోజు మేము ఆయన కోసం ఆగకుండా ముందే పోయి తిరిగి వస్తున్నాం. ఆయన అవతలి నుంచి చెప్పులు టపటపలాడిస్తూ నేరుగా వదినకు ఎదురు పరిగెత్తుకొచ్చాడు. "నన్నొదిలేసి పోతారేంటమ్మాయ్!" అని కోప్పడ్డాడు. శకునం సంగతి ఆయనకు గుర్తు లేదు. నా జీవితంలో మొదటిసారి నేను గెలుపును ప్రకటించకుండా ఊరుకున్నాను.

పరుగు నాకు ఆకలినిచ్చింది, ఎదుటివాడి మాట చివరిదాకా వినే ఓపికనిచ్చింది. ఏ ఇంట్లో పొద్దున్నే వెల్లుల్లి కారం నూరుతున్నారో వాసనబట్టి చెప్పగలను. ఇదంతా వదిన పుణ్యమే, ఆ మాట నేను వాడకూడదు గానీ. కాలమే మనుషుల్ని మారుస్తుందంటారు. కాలం దానంతటది ఏమీ చేయదు. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు వీధిలోకి రావాలి.