బస్సు వెనక తెల్ల కారు

కళ్యాణదుర్గం నుంచి అనంతపురం పోయే పొద్దుటి బస్సు వెనకాలే వారానికి రెండుసార్లు ఒక పాత తెల్ల కారు వస్తుంటుంది. బస్సు ఆగితే అదీ ఆగుతుంది. దాటి మాత్రం పోదు. నడిపేది మా పక్కింటి ఈశ్వరప్ప మామ. కారులో ఇంకెవరూ ఉండరు. ఆయన భార్య తిరుపాలమ్మత్త బస్సులో నా పక్కన కూర్చుని ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు చూసి నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఆ కారు కొన్నదే అత్త కోసం. ఆమె కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు అనంతపురం ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకోవాలి. ఆలస్యమైతే ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరాడదు. మొదట్లో షేర్ ఆటోలో పోయేవాళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు పాపం ఆమె తల నిలబెట్టలేకపోయేది. బోరు ఎండి, వేరుశనగ కాయల్లో గింజ పట్టని ఏడాది మామ ఎద్దుల్ని అమ్మేసి, హిందూపురంలో ఈ పాత కారు కొని తెచ్చాడు. యాభై దాటాక స్టీరింగ్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. నేను అనంతపురంలో బట్టల షాపులో పనిచేస్తాను కాబట్టి వాళ్ళు కారులో వెళ్ళే రోజుల్లో వెనక సీటు నాదిగా ఉండేది.

ఆయనకు కారంటే ప్రాణం. లేవగానే బానెట్ ఎత్తి ఇంజిన్ ఆయిల్ చూస్తాడు, రేడియేటర్ మూత తీసి నీళ్ళు చూస్తాడు. మా ఊరికి నీళ్ళు ట్యాంకరుతో వస్తాయి. డాక్టర్లేమో అత్తను ఎక్కువ నీళ్ళు తాగొద్దన్నారు. "నాకు గ్లాసు కొలిచి ఇస్తావు, దానికి చెంబులకు చెంబులు పోస్తావే!" అని ఆమె సణిగేది. ఆయన నవ్వేవాడు.

ఆయుధపూజ మాత్రం అత్తదే. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కారుతో తొక్కించేది. డిక్కీలో ఉండే స్టెప్నీకి నేల తగలదు గదా, దానికొక్కదానికి అన్యాయం జరుగుతుందని బయటికి తీయించి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, మీద ఒక నిమ్మకాయ ఉంచేది. కారుతో పాటు వచ్చిన టైరది. ఏటేటా పూజ చేయించుకోవడమే తప్ప మాకు తెలిసి రోడ్డు మీదికి దిగింది లేదు.

మా ఊరి దారిలో ఒక వంక దాటాలి. అందులో నీళ్ళు ఉండవు, రాళ్ళు మాత్రం కావలసినన్ని. కారు కడుపు రాళ్ళకు తగిలినప్పుడల్లా అత్త అమ్మా అని మూలిగేది. అది చూడలేక, టైర్లు అరిగినప్పుడు మామ కారు కాస్త ఎత్తుగా ఉండేట్టు పెద్ద రిమ్ములు, పెద్ద టైర్లు వేయించాడు. నేనూ ఆ రోజు టైర్ల షాపులోనే ఉన్నాను. షాపు నడిపే షరీఫ్ అడక్కుండానే చెప్పాడు.

"స్టెప్నీ గూడా ఇదే సైజుది పెట్టుకోన్నా. నాలుగు పెద్దవి, ఒగటి చిన్నది అయితే బండి పక్కకు గుంజుతాది. అదీగాక ఇది శానా పాతది. తిరక్కపోయినా రబ్బరు పగులుతాది."

"కొత్తదాని మాదిరే ఉండాది గదప్పా," అన్నాడు మామ. "పూజ చేసిన టైరు. మా ఆడమనిషి ఒప్పుకోదు."

అత్త అప్పుడు ఇంట్లో ఉంది. ఆయన ఆమెను అడగనే లేదు.

ఎండాకాలంలో ఒక పొద్దున కుడివైపు ముందు టైరు పంక్చరైంది. మామ జాకీ పెట్టి స్టెప్నీ బిగించాడు. దాని మీద కుంకుమ ఇంకా అలాగే ఉంది. జాకీ దించగానే కారు ఆ పక్కకు వాలింది. నడుపుతుంటే ఎదురొచ్చే బండ్ల మీదికి లాగుతోంది. మామ రెండు చేతులా స్టీరింగ్ బిగబట్టి పోనిచ్చాడు. కొంత దూరం పోయాక ఆ టైరూ పేలింది.

చుట్టూ బీడు భూములు. నిలబడడానికి నీడ లేదు. అత్తకు అప్పటికే ఆయాసం. నేను చున్నీతో విసురుతున్నాను. మామ వంగి టైరు అంచు పట్టుకుంటే రబ్బరు పొట్టులా రాలింది. అప్పుడా మనిషి అత్త వైపు తిరిగి అరిచాడు.

"అంతా నీవల్లనే! పూజలు పూజలని దాన్ని మార్చనీకుండా చేసినావు!"

అత్త ఆయాసపడుతూనే తల ఎత్తింది. "నన్ను... ఎప్పుడడిగినావయ్యా?"

"అత్తను నువ్వు అడగనేలేదు మామా," అన్నాను నేను. ఆయన నా వైపు చూడలేదు.

టమోటాల వ్యాను ఒకటి ఆపి ఎక్కాం. మేం చేరేసరికి ఆమె వంతు దాటిపోయింది. మళ్ళీ మిషన్ ఖాళీ అయ్యేదాకా ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టారు. బతికింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే చెప్పలేమన్నది డాక్టరమ్మ.

ఆ తర్వాత అత్త కారెక్కలేదు.

"టైరు పగిలిందని భయం కాదు హరితా," అన్నది నాతో. "ఊపిరాడక నేను సస్తాంటే తప్పు నా మీద ఏసినాడు. ఆ బండిలో కూచుంటే అదే మాట ఇనపడతాది."

మామ మర్నాడే సరైన సైజు స్టెప్నీ కొన్నాడు. డిక్కీ తెరిచి ఆమెకు చూపించాడు. షరీఫ్ ఏమన్నాడో కూడా చెప్పాడు. తప్పు నాదే అని మాత్రం అనలేదు. ఆ ఒక్క మాట అంటే అరిగిపోతాడా? ఈ మగవాళ్ళకు మాట కంటే టైరు మార్చడమే తేలిక.

మొన్న ఆయుధపూజకు నిమ్మకాయలు తనే పెట్టుకున్నాడు. కొత్త స్టెప్నీని బయటికి తీసి, గడప వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. అత్త రాలేదు. కుంకుమ లేకుండానే దాన్ని లోపల పెట్టాడు. ఎంత కోపమున్నా, అది చూసి నాకు ఏడుపొచ్చింది.

"నువ్వూ బస్సెక్కి ఆమె పక్కన కూచోరాదా మామా?" అని అడిగాను.

"బస్సు నడిమధ్యన నిలిచిపోతే? దాని స్టెప్నీ ఎట్లుండాదో ఎవురికి తెలుసు? ఆమెకు మళ్ళీ ఆలస్యం కాగూడదు."

నిన్న బస్సులో అత్త ముఖం ఉబ్బి ఉంది. నా భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. ఎవరో దిగడానికి బస్సు ఆగింది.

"వస్తాండాడా?" అన్నది, కళ్ళు తెరవకుండానే.

వెనక అద్దంలోంచి చూశాను. దుమ్ములో తెల్ల కారు ఆగి ఉంది.

"వస్తాండాడత్తా."

బస్సు కదిలాక మెల్లగా అన్నది.

"ఎండ శానా ఉండాది. రేడియేటర్లో నీళ్ళు పోసుకున్నాడో లేదో."